మన ఆవాజ్ ఏ అల్మారాలో ఉంది?

యూనివర్సిటీ లైబ్రరీలో కితాబ్ వెతకడం ఎవరైనా వారం రోజుల్లో నేర్చుకోవచ్చు. ఆవాజ్‌ని వెతకడం మాత్రం ఇప్పటికీ నసీబ్ మీద వదిలేసిన పనే. కేసెట్లు, స్పూల్ టేపులు, వీడియో క్యాసెట్లు, పాత గ్రామఫోన్ రికార్డులు, సీడీలు దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీలోనూ ఉన్నాయి. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో పాడారు, ఏ జబాన్‌లో పాడారు అని కంప్యూటర్‌ని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. లేవని కాదు. వాటిని ఎవరూ పేరు పెట్టి రాయలేదు.

ఈ మధ్య పీర్ల పాటల మీద, ధోలక్ గీతాల మీద, దక్కనీ ముషాయిరాల మీద రీసెర్చ్ చేయాలనుకునే మన పిల్లలు తరచుగా అడుగుతున్నారు. రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయి సార్, యూట్యూబ్‌లో ఉన్నవే దిక్కా అని. మన ఆడపిల్లలు కూడా అడుగుతున్నారు, దానికి నాకు చాలా ఖుషీ. వాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి కొంత తరీఖా చెప్తాను, కొంత గుస్సా కూడా చూపిస్తాను. రెండూ కలిసే వస్తాయి.

ముందు లైబ్రరీ వాళ్ళ ముష్కిల్ ఏంటో ఇన్‌సాఫ్‌గా చెప్పుకుందాం. పుస్తకం వస్తే అట్ట చూసి, టైటిల్ పేజీ తిప్పి, విషయసూచిక మీద ఒక నజర్ వేసి పది నిమిషాల్లో కేటలాగ్ చేసేస్తారు. కేసెట్‌ని అలా తిప్పి చూడలేం. అరవై నిమిషాల కేసెట్‌లో ఏముందో తెలియాలంటే అరవై నిమిషాలు కూర్చుని వినాలి. దానికి నడిచే మషీన్ కావాలి. ఆ జబాన్ తెలిసిన మనిషి కావాలి. రికార్డ్ చేసినాయన లేబుల్ మీద బాల్ పెన్నుతో 'ఊరు 3, సైడ్ బి' అని రాసి వదిలేస్తే, ఆయన రిటైరై వెళ్ళిపోయాక ఆ 'ఊరు 3' ఏదో ఎవరికి తెలుస్తుంది? ఒక్కో లైబ్రేరియన్ మీద ముగ్గురి పని పడుతున్న జమానాలో ఇలాంటి డబ్బాలన్నీ 'తర్వాత చూద్దాం' అనే మూలకి చేరుకుంటాయి.

ఇక్కడ గౌహర్ జాన్ గుర్తొస్తుంది. 1902 నవంబర్‌లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీర్ రికార్డింగులు చేశాడు. ఆవిడ పాడటం పూర్తి కాగానే ఇంగ్లీష్‌లో తన పేరు తానే చెప్పేది. అదేదో నఖ్రా అనుకుంటారు చాలామంది. అసలు సంగతి వేరు. ఆ రికార్డులు జర్మనీలోని హనోవర్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. అక్కడి పనివాళ్ళకి మన పాటల్లో ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుంది? అందుకని పాడిన మనిషే తన పేరు చెప్పేస్తే లేబుల్ తప్పు పడదు. అంటే ఆ రికార్డు తన కేటలాగ్ కార్డుని తన గొంతులోనే పెట్టుకుని తిరిగింది. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఆవాజ్ ఎవరిదో ఎవరికీ షక్ లేదు. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకి, టేప్ రికార్డర్లు భుజాన వేసుకుని మన ఊళ్ళకొచ్చిన రీసెర్చర్లు చాలామందికి ఈ ఒక్క తమీజ్ లేకపోయింది. పాడిన ముసలమ్మని నీ పేరేంటమ్మా అని మైకు ముందు అడిగి ఉంటే సరిపోయేది.

వినడాన్ని రాసి పెట్టుకోవడంలో మన పాత ఆలిమ్‌ల పద్ధతి కూడా చూడండి. 12, 13 శతాబ్దాల దమస్కస్‌లో ఒక కితాబ్‌ని మజ్లిస్‌లో పైకి చదివి వినిపించాక దాని ఖాళీ పేజీల్లో సమా అనే నోట్ రాసేవాళ్ళు. చదివింది ఎవరు, ఎవరి హుజూర్‌లో చదివారు, ఏ తారీఖు, ఏ జగహ్, విన్నవాళ్ళెవరు, వరసగా పేర్లు. ఆడవాళ్ళ పేర్లు, పిల్లల పేర్లు కూడా ఉండేవి. మధ్యలో లేచి వెళ్ళి కొంత భాగం వినని మనిషి ఉంటే, ఫలానా ఆయన ఇంత వినలేదు అని కూడా ఈమాన్‌గా రాసేవాళ్ళు. కేసెట్ లేని రోజుల్లో వాళ్ళు ఆవాజ్‌కి ఇంత హిసాబ్ రాశారు. మనం మషీన్ పెట్టుకుని కూడా రాయలేదు.

సరే, కేటలాగ్‌లో ఎలా వెతకాలి?

చాలా లైబ్రరీల సెర్చ్ పేజీ తెరవగానే ఒక్క డబ్బా కనిపిస్తుంది. అందులో మాట కొట్టి ఊరుకుంటే వెయ్యి పుస్తకాల కింద మీ రికార్డింగ్ దబ్ అయిపోతుంది. పక్కనే 'అడ్వాన్స్‌డ్ సెర్చ్' ఉంటుంది, అక్కడికి వెళ్ళండి. 'మెటీరియల్ టైప్' లేదా 'ఐటమ్ టైప్' అనే జాబితా ఉంటుంది. మన యూనివర్సిటీల్లో చాలాచోట్ల నడుస్తున్న కోహా సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉంటుంది. అందులో సౌండ్ రికార్డింగ్, వీడియో రికార్డింగ్, విజువల్ మెటీరియల్ అని ఏ పేరుతో ఉంటే ఆ పేరు ఎంచుకోండి. అప్పుడు కూడా ఏమీ రాకపోతే మాయూస్ అవ్వకండి. ఆ ఖానా నింపకుండానే ఎంట్రీ చేసేసిన లైబ్రరీలు బోలెడు. పాత రూల్స్‌తో చేసిన ఎంట్రీల్లో టైటిల్ పక్కనే చదరపు బ్రాకెట్లలో 'సౌండ్ రికార్డింగ్' అని ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళు. 2010 తర్వాత వచ్చిన ఆర్‌డీఏ రూల్స్‌లో ఆ పద్ధతి పోయింది. దాని జాగాలో 'ఆడియో డిస్క్', 'ఆడియో కేసెట్', 'వీడియో డిస్క్' అనే మాటలు వేరే లైన్లో వస్తాయి. అందుకని మీ విషయం పక్కన ఈ మాటల్ని ఒక్కొక్కటిగా మార్చి మార్చి కొట్టాలి. చిరాకు పని, కానీ ఫాయిదా ఉంటుంది.

ఇంకో దాగుడుమూత ఉంది. పుస్తకం వెనక జేబులో వచ్చిన సీడీకి తరచుగా సొంత ఎంట్రీ ఉండదు. పుస్తకం ఎంట్రీలో, పేజీల సంఖ్య తర్వాత, ప్లస్ గుర్తు పెట్టి 'ఒక సీడీ' అని ఉంటుంది. అంతే. షెల్ఫ్ దగ్గరికి వెళ్తే పుస్తకం ఉంటుంది, జేబు ఖాళీగా ఉంటుంది. పోయిందని వెనక్కి రాకండి, కౌంటర్లో అడగండి. దొంగతనం భయంతో సీడీలన్నీ తీసి విడిగా ఒక సొరుగులో పెట్టడం చాలా లైబ్రరీల ఆదత్. థీసిస్‌లది ఇంకా ఘోరం. 2009 యూజీసీ నిబంధనల తర్వాత థీసిస్‌లు శోధ్‌గంగలోకి ఎక్కుతున్నాయి, మంచిదే. ఎక్కేది మాత్రం పీడీఎఫ్. నాలుగేళ్ళు ఊరూరా తిరిగి రికార్డ్ చేసిన పాటల మీద రాసిన థీసిస్ పీడీఎఫ్‌గా కనిపిస్తుంది, పాటలు కనిపించవు. ఫీల్డ్ వర్క్ చేసిన పిల్లలు ఆడియోని కూడా జమ చేయాలనీ, లైబ్రరీ దానికి నంబర్ వేసి తీసుకోవాలనీ రూల్ పెడితే ఏం ఖర్చవుతుంది? ఒక హార్డ్ డిస్క్ ఖర్చు.

ఇప్పుడు స్పెల్లింగుల బలా. ఉర్దూ, తెలుగు పేర్లని రోమన్ అక్షరాల్లోకి మార్చినప్పుడు ఎవరి మర్జీ వాళ్ళది. దక్కనీ అనే ఒక్క మాటనే డి-ఎ-కె-హెచ్-ఎన్-ఐ అనీ, రెండు 'కె'లతోనూ, మధ్యలో ఒక 'ఐ' చేర్చీ, ఇంగ్లీష్ వాళ్ళ డెక్కనీ లెక్కన రెండు 'సి'లతోనూ రాస్తారు. మొహర్రం కూడా అంతే. 'యు'తో ఒకరు, 'ఓ'తో ఒకరు, 1900లకి ముందు ఇంగ్లీష్ దొరలు రాసినట్టు 'ఓ-హెచ్-యు'తో ఇంకొకరు. కాగితం మీద ముందే నాలుగైదు స్పెల్లింగులు రాసుకుని కూర్చోండి. కొన్ని సిస్టమ్స్‌లో మాట చివర స్టార్ గుర్తు పెడితే మిగతా అక్షరాలన్నీ అదే వెతుక్కుంటుంది. ఉర్దూ లిపిలో, తెలుగు లిపిలో కూడా ఒకసారి కొట్టి చూడండి, కొన్ని కొత్త ఎంట్రీల్లో అసలు లిపి కూడా చేరుస్తున్నారు.

ఇవన్నీ తరీఖాలు. వీటికి లొంగని తకలీఫ్ ఒకటుంది. నా అసలు షికాయత్ దాని గురించే.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసిన విషయ శీర్షికల్ని ప్రపంచంలో ఎక్కువ యూనివర్సిటీలు వాడతాయి, మనవాళ్ళూ వాడతారు. అందులో మన పాటలకి ఉన్న శీర్షిక 'ఫోక్ సాంగ్స్, తెలుగు'. ముందు పాట, తర్వాత కామా, తర్వాత జబాన్. బాగుంది. ఇంకోపక్క ఇస్లాం కింద ఇండియా, ఉర్దూ, ఖవ్వాలీ, సూఫీ వగైరా. ఇప్పుడు చెప్పండి, నల్లగొండ పల్లెలో అలాయి చుట్టూ డప్పు మీద, హసన్‌ని ఆశన్న అనీ హుసేన్‌ని ఊశన్న అనీ పిలుచుకుంటూ తెలుగులో పాడే పాట ఏ ఖానాలోకి వెళ్తుంది? కేటలాగ్ చేసే మనిషి తెలుగు వైపు నుంచి వస్తే దాన్ని మామూలు జానపద గేయంలో కలిపేస్తాడు, కర్బలా మాటే ఎక్కడా రాయడు. ఉర్దూ వైపు నుంచి వస్తే, ఇది తెలుగు, మాది కాదు అని పక్కన పెడతాడు. తెలుగు అంటే హిందువుది, ముసల్మాన్ అంటే ఉర్దూది అని ఒక గీత ఆ మనిషి దిమాగ్‌లో ముందే ఉంది. కేటలాగ్ ఆ గీతనే నకలు చేసింది.

దక్కనీ పరిస్థితి ఇంకో రకం. మన ఇళ్ళల్లో పెళ్ళికి ముందు ఆడవాళ్ళు ధోలక్ పెట్టుకుని పాడే గీతాల్లో దక్కనీ ఉంటుంది, తెలుగు మాటలూ ఉంటాయి. సమధన్‌ని ఆటపట్టించే పాటలు, నవ్వలేక కడుపు పట్టుకోవాలి. ఉర్దూ అదబ్ పెద్దమనుషులకి అది సరైన ఉర్దూ కాదు. తెలుగు పెద్దమనుషులకి అది తెలుగు కానే కాదు. అందుకని రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీలో పడిపోయింది. ఒకవేళ ఎవరైనా రికార్డ్ చేసినా, పాడినవాళ్ళ జాగాలో 'స్త్రీల బృందం' అని రాస్తారు. సేకరించినాయన పేరు మాత్రం పూర్తి డిగ్రీలతో సహా ఉంటుంది. మా నానీ తరంలో అలా పాడిన ఆడవాళ్ళందరి పేరూ 'బృందం' అయిపోయింది. ఒక ఖాలా గొంతు విని, ఇది ఫలానా ఖాలా అని గుర్తుపట్టే మనవరాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఇంకో పదిహేనేళ్ళు పోతే ఎవరు గుర్తుపడతారు?

అఫ్సర్ మొహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి పీర్ల పండగ మీద ఇంగ్లీష్‌లో పుస్తకం తెచ్చారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయప్ప దగ్గర హిందువులు, ముస్లింలు కలిసి చేసే మొహర్రం గురించి. ఏ మంచి లైబ్రరీ కేటలాగ్‌లోనైనా ఆ పుస్తకం రెండు నిమిషాల్లో దొరుకుతుంది. గూగూడు పాటలు ఏదైనా లైబ్రరీలో ఉన్నాయా అని వెతికి చూడండి, ఫరక్ తెలుస్తుంది.

నాకెదురైన సంగతి ఒకటి చెప్తాను. యూనివర్సిటీ పేరు అనవసరం, ఏ పేరు పెట్టినా కథ ఇదే. కొన్నేళ్ళ కిందట పీర్ల పాటల మీద ఒక పాత థీసిస్ చదువుతున్నాను. వెనక అనుబంధంలో కేసెట్ల పట్టిక ఉంది, ఊళ్ళ పేర్లతో సహా. లైబ్రరీ కౌంటర్లో అడిగితే అవి డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయన్నారు. డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే, ఎప్పుడో లైబ్రరీకి ఇచ్చేశాం కదా అన్నారు. ఇలా రెండు బిల్డింగుల మధ్య నాలుగుసార్లు చక్కర్ కొట్టాక, పాత అటెండర్ ఒకాయన, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న పెద్దమనిషి, నన్ను చూసి జాలిపడ్డాడు. నేను చిచ్చా అని పిలిచేసరికి ఇంకొంచెం కరిగాడు. పాత రీడింగ్ రూమ్ వెనక స్టీలు అల్మారా తెరిచి చూపించాడు. "కేసెట్టాఁ హైఁ సాబ్, మషీన్‌కా నక్కో పూఛో" అన్నాడు.

అవే. లేబుళ్ళ జిగురు ఎండి సగం ఊడిపోయాయి, ఏ లేబుల్ ఏ కేసెట్‌దో తెలీదు. ఆయనే అక్సెషన్ రిజిస్టర్ తీశాడు. లైబ్రరీకి వచ్చిన ప్రతి వస్తువుకీ వరస నంబర్ వేసి రాసే పెద్ద దఫ్తర్ అది. అందులో ఒకే ఒక లైన్: 'కేసెట్లు, నగాలు 22'. ఊరు లేదు, పేరు లేదు. ఆ ఇరవై రెండింట్లో ఎంతమంది గొంతులున్నాయో అల్లాకే మాలూమ్. కేటలాగ్ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఆ లైన్ కూడా ఎక్కలేదు. వినాలంటే బయట నుంచి ప్లేయర్ తెచ్చుకోవడానికి ఇజాజత్ కావాలన్నారు. దరఖాస్తు ఇచ్చాను. దాని సంగతి ఇప్పటికీ తేలలేదు. నాకు ఆ అధికారుల మీద కోపం కన్నా, ఆ చిచ్చా రిటైరైపోతే ఆ అల్మారా సంగతి తెలిసిన మనిషే ఉండడు కదా అన్న ఫికర్ ఎక్కువ. అందుకే మన పిల్లలకి చెప్తుంటాను, సెర్చ్‌లో లేదు అంటే లేదని అర్థం కాదు. అక్సెషన్ రిజిస్టర్ అడగండి, పాత స్టాఫ్‌ని అడగండి.

దూరపు యూనివర్సిటీల్లో మన ఆవాజ్ ఇంతకన్నా బాగా దొరుకుతుంటే ఏం చెప్పాలి? గ్రియర్సన్ లింగ్విస్టిక్ సర్వే పుణ్యమా అని 1913 నుంచి 1929 దాకా మన దేశపు జబాన్లని గ్రామఫోన్ మీద రికార్డ్ చేశారు. చాలా భాషల్లో చదివించింది ఒకే ముక్క, ఇంజీల్‌లోని తప్పిపోయిన కొడుకు కథ. తర్వాత ఒక కథో పాటో వాళ్ళ సొంతం. తెలుగు కూడా ఉంది. చికాగో యూనివర్సిటీ వాళ్ళ డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో జబాన్ వారీగా పెట్టారు, ఇంట్లో కూర్చుని వినొచ్చు. వందేళ్ళ కిందటి తెలుగు గొంతు వినాలంటే చికాగో సర్వర్‌కి వెళ్ళాలి. వెళ్దాం, అందులో శరం లేదు, కానీ మనవి మన దగ్గర ఎందుకు వినపడవు?

ఈ సవాల్‌కి జవాబుగానే ఒక ఇదారా పుట్టింది. 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ కింద ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్ పెట్టారు, ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉంది. విదేశీ స్కాలర్లు మన దేశంలో రికార్డ్ చేసి పట్టుకెళ్ళిన వాటి నకళ్ళు తిరిగి ఇక్కడికి రావాలన్నది దాని ముఖ్య మక్సద్. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు నజీర్ అలీ జైరాజ్‌భాయ్. అమెరికాలో సంగీత శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. ఆయన ఉస్తాద్ ఆర్నాల్డ్ బేక్ అనే డచ్ పండితుడు 1938లో దక్షిణ దేశంలో తిరిగి పాటలు రికార్డ్ చేశాడు, ఫిల్మ్ తీశాడు. 1984లో జైరాజ్‌భాయ్, ఏమీ క్యాట్లిన్ కలిసి ఆ రికార్డింగుల్ని వెంటబెట్టుకుని అవే ఊళ్ళకి తిరిగి వెళ్ళారు. నలభై ఆరేళ్ళ తర్వాత. పాతవి వినిపించి, ఇప్పుడు ఎలా పాడుతున్నారో మళ్ళీ రికార్డ్ చేశారు. దాని మీద వచ్చిన వీడియో పేరులో తమిళనాడు, కేరళ, కర్ణాటక ఉన్నాయి. మనం లేం. రికార్డింగ్‌ని అసలు వాళ్ళ దగ్గరికి తిరిగి తీసుకెళ్ళడం అనే ఆ ఖయాల్ ఉంది చూశారూ, నా దృష్టిలో యూనివర్సిటీ ఆర్కైవ్‌కి ఉండాల్సిన మొదటి ఉసూల్ అదే. స్కాలర్‌కి డాక్టరేట్ వచ్చింది. ఊరికి ఏం వచ్చింది?

వక్త్ కూడా మన చేతుల్లో లేదు. మాగ్నెటిక్ టేప్ శాశ్వతం కాదు. తేమకి బూజు పడుతుంది, జిగురు వదిలి హెడ్‌కి అంటుకుంటుంది, పాత అసిటేట్ టేపులూ ఫిల్ములూ సిర్కా వాసన కొడుతూ ముడుచుకుపోతాయి. టేప్ బతికినా మషీన్ బతకదు. వీహెచ్ఎస్ వీసీఆర్‌లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్ ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్ 2025ని డెడ్‌లైన్‌గా పెట్టుకుని, ఆ లోపు మార్చుకోని టేపులు చాలావరకు పోయినట్టే అని ముందే హెచ్చరించింది. 2019లో సౌండ్ ఆర్కైవ్‌ల అంతర్జాతీయ సంఘం యునెస్కోతో కలిసి అదే ఖతరా గురించి ప్రపంచమంతా అలర్ట్ ఇచ్చింది. ఆ తారీఖు దాటిపోయింది. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ 2013లో నడుం కట్టి తన దగ్గరున్న 3 లక్షలకు పైగా ఆడియో వీడియోల్ని డిజిటల్ చేసింది. వాళ్ళ దగ్గర డాలర్లున్నాయి అంటారు. నిజమే, 3 లక్షలకి డాలర్లు కావాలి. ఇరవై రెండు కేసెట్లకి ఏం కావాలి? బాగుచేసిన ఒక డెక్, ఒక కంప్యూటర్, విని పేర్లు రాసే ఇద్దరు పిల్లలు. ఎంపీ3లోకి మాత్రం దించకండి. కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్ ఉండాలన్నది ఆ అంతర్జాతీయ సంఘం పెట్టిన లెక్క.

కాపీరైట్ అడ్డొస్తుంది సార్ అని కొందరు లైబ్రేరియన్లు అంటారు. 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ చదవండి. సెక్షన్ 52(1)(ఎన్). లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర డిజిటల్ కాని కాపీ ఉంటే, భద్రపరచడం కోసం దాన్ని ఎలక్ట్రానిక్‌గా దాచుకోవచ్చు. దాచుకోవడానికి చట్టం అడ్డు లేదు. బయటికి వినిపించడం వేరే మసలా.

ఆ మసలా మీద నా రాయ్ మన దోస్తుల్లో కొందరికి నచ్చదు. డిజిటల్ చేసిందంతా ఇంటర్నెట్‌లో కుమ్మరించాలి అంటారు వాళ్ళు. ధోలక్ గీతాలు జనానాలో, మగవాళ్ళు లేని చోట, ఒకళ్ళనొకళ్ళు ఎరిగిన ఆడవాళ్ళ మధ్య పాడినవి. 1980లలో ఒక స్టూడెంట్ పిల్ల కేసెట్ రికార్డర్ పెట్టుకుంటే, పాపం చదువుకునే పిల్ల కదా అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడం యూట్యూబ్‌కి ఇచ్చిన ఇజాజత్ కాదు. చట్టంలో కూడా పాడిన మనిషికి 50 ఏళ్ళ పాటు తన పాట మీద హక్ ఉంది, సెక్షన్ 38. అందుకని పేర్లు కనుక్కుని, ఇంటికెళ్ళి, వాళ్ళకి గానీ వాళ్ళ పిల్లలకి గానీ వినిపించి అడగాలి. వద్దంటే లైబ్రరీలో కూర్చుని వినే వసతి వరకే ఉంచాలి. కేటలాగ్‌లో మాత్రం అది ఉందన్న సంగతి దాచకూడదు.

యూట్యూబ్ ఉండగా లైబ్రరీ ఎందుకు అనే పిల్లలకి ఒక మాట. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీలు, సులేమాన్ ఖతీబ్ ముషాయిరాలు అక్కడ వినే మనం కూడా పెరుగుతున్నాం, షుక్రియా చెప్పుకోవాలి ఎక్కించినవాళ్ళకి. ఖతీబ్ సాబ్ నజ్మ్‌ని పుస్తకంలో చదవడం, ఆయన చదువుతుంటే జనం వాహ్వా అనడం వినడం రెండూ ఒకటి కాదు. కానీ ఆ వీడియో ఏ సాల్‌ది? ఏ షహర్‌లో? ముందూ వెనకా ఏం కత్తిరించారు? రేపు ఆ ఛానల్ మూసేస్తే? థీసిస్‌లో ఫుట్‌నోట్ రాసే పిల్లకి ఈ సవాళ్ళకి జవాబ్ కావాలి. జవాబ్ రాసి పెట్టడం లైబ్రరీ జిమ్మేదారీ.

హైదరాబాద్‌లోనే ఎన్ని దారులున్నాయో చూడండి. నిజాం కాలపు డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీకి సొంత మీడియా సెంటర్ ఉంది, ఉర్దూలో పాఠాల వీడియోలు తీస్తుంది. తెలుగు యూనివర్సిటీకి జానపద విభాగం ఉంది. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు 1950లలోనే తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. అందరి దగ్గరా ఉన్న ఆడియో వీడియోల పట్టికలు ఒక్కచోట కనపడే కేటలాగ్ ఒకటి కావాలి. ఫైళ్ళు ఎవరివి వాళ్ళే ఉంచుకోనీ, పట్టిక చాలు. అందులో పాడినవాళ్ళ పేరుకి ఒక ఖానా, ఊరికి ఒక ఖానా, జబాన్‌కి రెండు మూడు ఖానాలు ఉండాలి, ఒకటే కాదు. ఒకే పాటలో మూడు భాషలు మాట్లాడే మనుషులం మనం.

ఈలోగా మీలో ఎవరైనా చేయగలిగింది ఒకటుంది. ఫీల్డ్ వర్క్ చేసి రిటైరైన ప్రొఫెసర్లు మీ ఎరికలో ఉంటారు. వాళ్ళ ఇంటికెళ్ళి సలాం చెప్పి, అటక మీద డబ్బాలున్నాయా అని అడగండి. ఉంటే, ఆయన బతికుండగానే పక్కన కూర్చుని ఒక్కో కేసెట్ మీద ఏ ఊరు, ఎవరు పాడారు, ఏ సంవత్సరం అని మీ ఫోన్లో ఆయన గొంతుతోనే చెప్పించి రికార్డ్ చేయండి. పోయిన నెల ఒక అమ్మాయి ఈ పని మొదలుపెట్టింది. మొదటి రోజు పదకొండు కేసెట్లకి పేర్లు దొరికాయట. పన్నెండో దాంట్లో పాడిన మనిషి పేరు సార్‌కి గుర్తు రాలేదు, ఆయన భార్య వంటింట్లోంచి చెప్పారట.